శాశ్వతంగా మీది

వారానికి ఆరు రోజులు ఆమె ఇత్తడి మీద పేర్లు చెక్కేది. ఏడో రోజు బాణాలు వేసేది.

పొద్దున్నే దుకాణం షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరి, బల్ల మీద గుడ్డ పరిచి ఉలులు సైజు వారీగా పేర్చుకునేది. గేట్లకు తగిలించే పలకలు, పోటీల కప్పులు, రిటైరయ్యే వాళ్ళకిచ్చే పెన్నులు, అన్నిటి మీదా అక్షరాలు ఆమెవే. వీధిలో అందరికీ ఆమె అక్షరాలక్క. ఊరందరి పేర్లూ చెక్కింది గానీ సొంత గేటుకి పలక చెక్కుకునే తీరిక ఆమెకి ఎప్పుడూ దొరకలేదు.

నాలుగేళ్ళ కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట టీ గ్లాసులో కనిపించింది, తర్వాత ఉలి కొసన. మాత్రలు మింగింది, తైలాలు రాసింది, ఫలితం లేదు. యజమాని చెక్కే యంత్రాల ధరల కాగితం తెచ్చి అందరికీ కనబడేలా గోడకి అంటించాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే చెల్లెలు ఆమెని ఆదివారం ఆటకి లాక్కెళ్ళింది.

లెక్కల మాస్టారి ఇంటి ముందు గదిలో, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట అది. మాస్టారు కథ చెబుతారు. మిగిలిన వాళ్ళు తలా ఒక వేషం వేస్తారు. అడవిలో ఎలుగుబంటి ఎదురొచ్చిందని ఆయనంటే, నువ్వేం చేస్తావో నువ్వు చెప్పాలి. అది నెగ్గిందో లేదో పాచిక చెబుతుంది. ఏ వేషానికి ఏ గుణమో ఆట తయారుచేసే కంపెనీ తన పుస్తకాల్లో రాసిపెడుతుంది. ఆ పుస్తకాలన్నీ ఇప్పుడు ఫోన్లోకి చేరిపోయాయి.

ఆదివారం వేసిన వేషం గుణం మళ్ళీ ఆదివారం దాకా మనిషిని అంటుకుని ఉండేది. బస్సు డ్రైవరు గనికూలీ వేషం వేసేవాడు, ఎంత దూరం నడిపినా అతనికి రెప్ప వాలేది కాదు. చెల్లెలు ఆసుపత్రిలో రక్తం తీసే పని చేస్తుంది, అందుకే ఇంట్లో ఆమెని దోమ అంటారు. ఆటలో ఆమె జేబుదొంగ. సూది దిగి బయటికి వచ్చేసినా తెలియక, ఇంకా మొదలుపెట్టలేదా అని రోగులు అడిగేవారు. ఇదేం వింతని ఎవరూ అనుకోలేదు. చలికాలం చలేసినట్టే ఇదీనూ.

అక్షరాలక్క విలుకత్తె అయింది. విలుకత్తెకి నిశ్చలహస్తం అనే గుణముంది. ఆట ఆడిన మర్నాడే ఆమె టీ గ్లాసుని అంచుదాకా పోయించుకుని, ఒక్క చుక్క తొణక్కుండా వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. డాక్టరు నాడి చూసి, "మాత్రలు ఆపెయ్యండి. ఆట మాత్రం మానకండి," అన్నాడు.

అప్పట్లో కంపెనీ పుస్తకాన్ని ముక్కలుగా కూడా అమ్మేది. నీకు విలుకత్తె ఒక్కతే కావాలంటే ఆ ఒక్కతినే కొనుక్కోవచ్చు. ఆమె అలాగే కొనుక్కుంది. ఫోన్లో రసీదు వచ్చింది: "విలుకత్తె. శాశ్వతంగా మీది." ఆ మాట ఆమెకి ఎంత నచ్చిందంటే, మిగిలిపోయిన ఇత్తడి ముక్క మీద అదే చెక్కి దుకాణంలో మేకుకి తగిలించుకుంది.

మూడేళ్ళు హాయిగా గడిచాయి. ఒక మంగళవారం కంపెనీ నుంచి కబురొచ్చింది. "మీ అనుభవాన్ని మరింత మెరుగుపరుస్తున్నాం" అని మొదలైంది. ఏదో మంచి చేస్తున్నారనుకుని ఆమె కింది దాకా చదవలేదు. చదివింది మాస్టారు. సాయంత్రం పనిగట్టుకుని దుకాణానికి వచ్చారు.

"శుక్రవారం నుంచి ముక్కలు అమ్మరటమ్మా. కొంటే పుస్తకం మొత్తం కొనాలి. ఇదివరకు కొన్న ముక్కలు వాటంతటవే కొత్త పద్ధతికి మారిపోతాయట."

"మారితే మారనీండి. విలుకత్తె ఉంటుందిగా?"

"ఉంటుంది. నిశ్చలహస్తం తీసేశారు, దాని బదులు వాయువేగం ఇచ్చారు. మొత్తం పుస్తకం కొన్నా ఆ పాతది ఇక దొరకదు." ఆయన జేబులోంచి ఒక తెల్లకాగితం తీసి బల్ల మీద పెట్టారు. "ఇంకా మూడు రోజులుంది. పాత గుణాలన్నీ దీని మీద ఎక్కించుకో. మన బల్ల దగ్గర చేతిరాత చెల్లుతుంది. ఎవరి వేషం వాళ్ళే రాయాలి, చదవడానికి వీలుగా ఉండాలి, అంతే."

ఆమె కాగితం వెనక్కి తోసేసింది. "శాశ్వతంగా అని రాసిచ్చారు మాస్టారూ. రాసిచ్చింది ఎలా మారుస్తారు?"

ముప్ఫయ్యేళ్ళుగా ఇత్తడి మీద రాస్తున్న మనిషికి ఆ మాట తప్పనిపించలేదు. ఆమె చెక్కినదేదీ ఇంతవరకూ తనంతట తాను మారలేదు. మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

బుధవారం ఆమె కంపెనీకి ఫోన్ చేసింది. గంటకి పైగా పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

"శాశ్వతం అంటే, మేడమ్, ముక్కలు అమ్మే విభాగం ఉన్నంత కాలం అని అర్థం."

"విభాగం ఎంత కాలం ఉంటుంది?"

"శుక్రవారం దాకా, మేడమ్."

"నేను కొనుక్కున్నానమ్మా. అద్దెకి తీసుకోలేదు."

"మీ బాధ నాకు అర్థమైంది, మేడమ్. బదులుగా మీకు వాయువేగం ఉచితంగా ఇస్తున్నాం."

గురువారం మళ్ళీ చేసింది. మళ్ళీ అదే పాట వచ్చింది, మళ్ళీ బాధ అర్థమైంది. పై అధికారికి చెబుతామన్నారు. ఆ అధికారి కోసం ఆమె శుక్రవారం మధ్యాహ్నం దాకా ఎదురుచూసింది.

ఆ మధ్యాహ్నం బల్ల మీద ఒక పెద్ద పలక ఉంది. నది మీద వంతెన కడుతూ చనిపోయిన పదకొండు మంది పేర్లు సోమవారం సాయంత్రానికి పూర్తవ్వాలి. యంత్రంతో వద్దు, చేత్తోనే చెక్కాలని వాళ్ళ కుటుంబాల వాళ్ళు కోరారు. యజమాని పలక అప్పగిస్తూ, "ఇది పాడైతే మాత్రం నన్నేమీ అనుకోవద్దు," అని గోడ వైపు చూశాడు. నాలుగు పేర్లు అయ్యాయి. అయిదో పేరు మొదటి అక్షరానికి తలకట్టు పెడుతుంటే ఉలి గడగడలాడింది. చప్పున పైకెత్తబట్టి పలక బతికింది. చెయ్యి మాత్రం గుడ్డ కింద దాచుకున్నా ఆగలేదు.

కాళ్ళు మాత్రం తెగ హుషారుగా ఉన్నాయి. ఇంటికి బయల్దేరిన మనిషి ఇల్లు దాటి, మలుపు దాటి, రెండు బస్టాపులు దాటాక గానీ ఆగలేకపోయింది. వెనక్కి తిరిగొస్తూ మళ్ళీ ఇల్లు దాటేసింది. జనం మధ్యలో నిలబడి ఆమె ఏడ్చింది.

ఆదివారం మాస్టారి గదిలో తెల్లకాగితం ముందు కూర్చుంది. పాత గుణాలు మాస్టారికి కంఠతా వచ్చు. ఆయన చెబుతుంటే ఆమె రాయబోయింది. ఊరందరి పేర్లూ గుండ్రంగా రాసిన చేతికి ఒక్క గుడి కుదరలేదు, ఒక్క కొమ్ము నిలబడలేదు. మొదటి కాగితం మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకుని చూశారు, తీసి చూశారు.

"నిశ్చల వరకూ వచ్చింది. హస్తం రాలేదమ్మా."

రెండో కాగితం చిరిగింది. మూడోదాన్ని ఆమే నలిపేసింది. మాస్టారు రాసిపెట్టొచ్చుగా అన్నాడు డ్రైవరు. అలా రాస్తే విలుకత్తె మాస్టారిదవుతుందని అతనికీ తెలుసు, ఉండబట్టలేక అన్నాడు.

అప్పుడు చెల్లెలు కుర్చీ జరుపుకుని వెనక నిలబడింది. చిన్నపిల్లకి పలక మీద దిద్దించేటట్టు అక్క చేతి మీద తన చెయ్యి వేసింది.

మాస్టారు చెల్లెలి వైపు తిరిగారు. "రెండు చేతులు పడితే లెక్క రెండు చేతులకీ వస్తుంది. ఆలోచించుకో తల్లీ."

"తెలుసు మాస్టారూ. మీరు చెప్పండి."

పాచికల లెక్క గురించి అనుకుంది అక్షరాలక్క. చెల్లెలి చెయ్యి వెచ్చగా ఉంది, గట్టిగా ఉంది. అక్షరాలు ఒక్కొక్కటే కుదురుగా దిగాయి. నిశ్చలహస్తం అన్న మాట పూర్తయ్యేసరికి ఆమె భుజం మీంచి ఏదో బరువు దిగిపోయింది. కాళ్ళు కూడా మామూలుగా నేల మీద ఆనాయి. ఆ రోజు ఆటలో ఆమె వేసిన ఏడు బాణాలూ తగిలాయి.

సోమవారం సాయంత్రానికి పదకొండు పేర్లూ పూర్తయ్యాయి. పలక తీసుకెళ్ళడానికి వచ్చిన ఒకామె ఏడో పేరు మీద వేలు పెట్టి అక్షరం వెంబడి అక్షరం చివరిదాకా దిద్దింది. యజమాని గోడ మీద కాగితం తీసేశాడు. అక్షరాలక్క కూడా మేకుకున్న ఇత్తడి ముక్క తీసి తుక్కులో పడేసింది.

తరవాతి ఆదివారం మాస్టారు అందరికీ టీ పోశారు. చెల్లెలు తన కప్పు ముట్టుకోలేదు. పాచిక ఎడంచేత్తో వేసింది. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది, దాని మీద చున్నీ ఉంది.

"ఏమైందే దోమా?"

"ఏం లేదు. రికార్డుల గదికి మార్చమని అడిగాను. మార్చారు."

"రక్తం ఎవరు తీస్తున్నారు?"

"ఎవరో కొత్తమ్మాయి. నా చేత్తో సూది తేలిగ్గానే దిగుతుందక్కా, ఇప్పటికీ. ఎక్కడ దిగుతుందో నాకే తెలియడం లేదు."

అక్షరాలక్క చున్నీ లాగేసింది. ఆ వణుకు ఆమెకి బాగా తెలుసు. ముందు బొటనవేలు, తర్వాత మణికట్టు, మధ్యలో కాస్త ఆగి మళ్ళీ బొటనవేలు. నాలుగేళ్ళ కిందట తనకి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"ఇన్నాళ్ళూ ఆ వణుకుని కంపెనీ పుస్తకం మోసింది," అన్నారు మాస్టారు, తల దించుకునే. "కాగితం మొయ్యలేదమ్మా. రాసిన చేతుల్లో ఏదో ఒకటి మొయ్యాలి."

ఆమె లేచి కాగితం అందుకుంది. చింపెయ్యబోతే చెల్లెలు ఆ వణికే చేత్తోనే అడ్డుపడింది.

"చింపితే ఏమొస్తుంది? నీకూ వణుకుతుంది, నాకూ వణుకుతుంది. కంపెనీ వాళ్ళు రాసింది కాదక్కా, మనం రాసుకున్నాం. ఇది నిజంగానే శాశ్వతం." కాస్త నవ్వబోయింది. "కూర్చో. ఎలుగుబంటి వస్తోంది."

అందరూ కూర్చున్నారు. మాస్టారు కథ అందుకున్నారు. చెల్లెలు ఇక దాచడానికేం లేదన్నట్టు కుడిచేత్తో కప్పు పట్టుకోబోయింది. కప్పు సాసర్లో టకటకలాడింది. అక్షరాలక్క దాన్ని తీసుకుని చెల్లెలి పెదాల దగ్గరకి పెట్టింది. కప్పు అంచుదాకా నిండి ఉంది. ఒక్క చుక్క కూడా తొణకలేదు. తన చెయ్యి ఎంత వణికినప్పుడూ ఆమెకి దాని మీద ఇంత అసహ్యం కలగలేదు.