కడబంతిలో బస్‌స్టాపు

మా ఆఫీసులో సమానత్వానికి ఒక అంతస్తు మొత్తం కేటాయించారు. ఏడో అంతస్తు. లిఫ్టు ఆరు దాకానే వెళ్తుంది.

మహానగరానికీ, దాన్ని అంటుకుని పెరిగిన ఊళ్ళకీ కలిపి ప్రణాళికలు వేసే ఆఫీసు మాది. ఎవరికి రోడ్డు రావాలి, ఎవరికి నీళ్ళు రావాలి, ఎవరికి బస్సు రావాలి అన్నది మా అంతస్తులో మ్యాపు మీద రంగుల్లో తేలుతుంది. అన్యాయం జరిగిన చోట ఎరుపు, ఏదో నడుస్తోంది అనుకున్న చోట పసుపు, న్యాయం పొంగిపొర్లుతున్న చోట ఆకుపచ్చ. ఆ రంగులు వేసేది నేను. ఏ రంగు వెయ్యాలో చెప్పేది వేరేవాళ్ళు. ఈ రెండో ముక్క మా అక్కకి ఎంత చెప్పినా ఎక్కదు.

అక్క ఉండేది ఊరికి తూర్పు కొసన, రైలు పట్టాలు దాటాక వచ్చే కాలనీలో. పని చేసేది పడమటి కొసన ఉన్న పెద్దాసుపత్రిలో, దుప్పట్లు ఉతికే చోట. ఆ కాలనీకి బస్సు లేదు. పట్టాల దాకా నడిచి, షేర్ ఆటో ఎక్కి, సెంటర్లో బస్సు పట్టుకుని, ఎలాగో ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది. వచ్చే ఏడాది నుంచి పొద్దున షిఫ్టు ఆరింటికే మొదలవుతుందని ఆసుపత్రిలో చెప్పారు. అంత పొద్దున్నే ఆటోవాళ్ళు ముసుగుతన్ని పడుకుని ఉంటారు. రాలేనివాళ్ళు మానేయొచ్చని సూపర్‌వైజరమ్మ ఎంతో మర్యాదగా చెప్పిందట.

అక్క మాత్రం కంగారు పడలేదు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. నువ్వున్నావు కదే అక్కడ" అంది. నేను వడ్డించేదాన్ని కాదు, విస్తళ్ళు తుడిచేదాన్నని చెప్పాను. నవ్వి ఊరుకుంది.

మా డైరెక్టరుగారికి సమానత్వమంటే ప్రాణం. ఆ మాట ఎత్తినప్పుడల్లా ఆయన గొంతు జీరబోతుంది. ఏసీ వల్ల కూడా కావచ్చు. బస్సుల విషయంలో అన్యాయం ఎక్కడుందో కనిపెట్టడానికి ఆయన పెద్ద సర్వే చేయించారు. మనుషులు ప్రతి బస్‌స్టాపుకీ వెళ్ళి, అక్కడ నిలబడ్డవాళ్ళని బస్సు కోసం ఎంతసేపట్నుంచి చూస్తున్నారని అడిగి రాసుకున్నారు. అక్క కాలనీలో బస్సు లేదు కాబట్టి స్టాపు లేదు. స్టాపు లేదు కాబట్టి ఎవరినీ అడగలేదు. ఎవరినీ అడగలేదు కాబట్టి ఎదురుచూపు సున్నా. మహానగరం మొత్తం మీద బస్సు కోసం ఒక్క నిమిషం కూడా ఎదురుచూడక్కర్లేని ఏకైక కాలనీ మా అక్కదేనని తేలింది. ముదురాకుపచ్చ వెయ్యమన్నారు.

మనసొప్పక డైరెక్టరుగారి గదికి వెళ్ళాను.

"సార్, అక్కడికి అసలు బస్సే లేదండి."

"నీకెలా తెలుసు?"

"మా అక్క అక్కడే ఉంటుందండి."

"చూశావా, అదే పక్షపాతమంటే. అక్కాచెల్లెళ్ళని చూసి రంగులు వేస్తే ఇంక న్యాయమేముందమ్మా? రెండో విడత సర్వే ఉంది కదా. స్టాపంటూ ఉంటే తప్పకుండా అడుగుతారు."

ఈ మాట అక్కకి చేరవేస్తే తిడుతుందనుకున్నాను. "స్టాపు ఉంటే చాలన్నాడా?" అంది.

ఆ ఆదివారానికల్లా కాలనీ మొగలో బస్‌స్టాపు వెలిసింది. కాలనీలోనే ఉండే వెల్డరు ఇనుప స్తంభం పాతాడు. పెయింటరు బోర్డు రాశాడు. క్షౌరశాల నుంచి బల్ల వచ్చింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు మాత్రం ఖాయమైంది. మ్యాపులో నేనొక చుక్క పెట్టాను. నా సర్వీసు మొత్తంలో నేను సొంతంగా చేసిన ప్రణాళిక అదొక్కటే.

సర్వే రోజున కాలనీ అంతా వరసలో నిలబడింది. ఎక్కడికీ వెళ్ళే పనిలేనివాళ్ళు కూడా నమ్మకం కుదరడానికి సంచులు పట్టుకొచ్చారు. సర్వే అమ్మాయి ముందు అక్కనే అడిగింది.

"ఎంతసేపట్నుంచి చూస్తున్నారండీ?"

"మా పెద్దాడు కడుపులో ఉన్నప్పట్నుంచి. వాడికిప్పుడు మీసాలొచ్చాయి."

"నిమిషాల్లో చెప్పాలండీ."

ఆ అమ్మాయి చేతిలోని యంత్రం తొంభై తొమ్మిది నిమిషాలకు మించి ఒప్పుకోదట. అందరికీ తొంభై తొమ్మిదే కొట్టింది. అయినా మహానగరంలో అంత ఎదురుచూపు ఇంకెక్కడా లేదు. కాలనీ మీద చిక్కటి ఎరుపు వేస్తుంటే నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. వెంటనే అక్కకి ఫోన్ చేశాను. వచ్చే ఏడాదిలోపు బస్సు వస్తుందని ఇద్దరం నమ్మాం.

ఎరుపు చూసి డైరెక్టరుగారి గొంతు ఎన్నడూ లేనంతగా జీరబోయింది. రెండు నెలలు మీటింగులు జరిగాయి. చివరికి ఆ స్టాపుకి స్టీలు కుర్చీలు, పైన నీడ, ఒక ఫ్యాను, బస్సుల వేళలు చూపించే లైట్ల బోర్డు మంజూరయ్యాయి.

"మరి బస్సండీ?" అన్నాను.

"బస్సులు రవాణా సంస్థ చూసుకుంటుందమ్మా. మన పరిధిలో ఉన్నది ఎదురుచూపు. అది హాయిగా ఉండేట్టు చూడటమే మన బాధ్యత. గుడ్డి కన్నా మెల్ల మేలు కదా."

ప్రారంభోత్సవానికి ఆయన కారులో వచ్చారు. బోర్డు మీద 'తర్వాతి బస్సు' అని వెలిగింది, దాని పక్కన ఏమీ వెలగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కొట్టలేదు.

కొత్త ఏడాది వచ్చింది. అక్క చీకటితోనే లేచి పట్టాల వెంబడి నడిచి చూసింది. ఎంత పరిగెత్తినా ఆలస్యమే. రెండో వారానికి ఆమె స్థానంలో ఇంకొకరు వచ్చారు. ఆ సంగతి నాకు చెప్పలేదు. ఒకరోజు పొద్దున పదింటికి వాళ్ళింటికి వెళ్తే, డ్యూటీలో ఉండాల్సిన మనిషి తనే తలుపు తీసింది. నాకు అర్థమైంది. డైరెక్టరు మీద, యంత్రం మీద, నా రంగుల మీద, అన్నిటి మీదా కోపం వచ్చింది. కోపంతో ఎవరికీ జీతం రాదు.

కొన్నాళ్ళకి ఆ స్టాపు ఊడ్చి, కుర్చీలు తుడవడానికి మనిషి కావాల్సి వచ్చింది. స్థానికులనే పెట్టుకోవాలని మా ప్రణాళికలోనే ఉంది. అక్క చేరింది. ఆసుపత్రి జీతంలో సగం కూడా రాదు.

ఏడాది చివర నివేదికకి డైరెక్టరుగారు స్వయంగా ఫోటో ఎంచారు. చీపురుతో మా అక్క. ఇంటి నుంచి పనికి వెళ్ళడానికి ఒకప్పుడు రెండు గంటలు పట్టేదట, ఇప్పుడు రెండు నిమిషాలట. మహానగరంలో ప్రయాణ సమయం ఇంతగా తగ్గిన మనిషి మరొకరు లేరు. "ఇప్పుడు చూడమ్మా, పక్షపాతం కాదు, లెక్కే మాట్లాడుతోంది" అన్నారాయన. ముదురాకుపచ్చ వెయ్యమన్నారు. వేశాను.

సాయంత్రం ఫోన్ చేసి అక్కకి చెప్పాను.

"మంచి రంగేనా?" అంది.

"అన్నిటికన్నా మంచిదక్కా."

"అయితే ఇంక మమ్మల్ని ఎవరూ ఏమీ అడగరన్నమాట" అంది. తర్వాత ఫోన్లో చీపురు చప్పుడు వినిపించింది.