గేటుకు మళ్ళీ కట్టిన బోర్డు

నేను ఒక టు-లెట్ బోర్డును. విజయవాడలో ఒక పెయింటరు మిగులు రేకు ముక్కను కత్తిరించి, పసుపు రంగు పూసి, నల్లటి అక్షరాలు రాశాడు. మనుషుల్ని గేటు దాకా తేవడం వరకే నా వ్యాపారం. లోపల కుదిరే బేరంతో నాకు పనిలేదు. మొదట ఒక లాయరుగారి గేటుకు పనిచేశాను. ఆయన ఇల్లు అమ్ముకున్నాక, మొగల్రాజపురంలో రిటైర్డ్ లెక్చరరు పాండురంగారావు గారి చేతికి ఊరికే వచ్చాను.

ఆయన నన్ను గేటుకు తీగతో కట్టి, వరండాలో కూర్చుని చదువుకునేవారు. అప్పట్లో, అమెరికాలో నల్లవాళ్ళకు ఇళ్ళు అద్దెకివ్వని సంగతి మీద రాసిన పుస్తకం నడుస్తోంది. పెన్సిలుతో గీతలు గీస్తూ, "చూశావా హైమా, ఎంత అన్యాయమో!" అని భార్యకు వినిపించేవారు. ఆవిడ బియ్యం ఏరుకుంటూ "ఊఁ" అనేవారు.

ఒక మధ్యాహ్నం కెజియా అనే అమ్మాయిని తెచ్చాను. ల్యాబు టెక్నీషియను. తల్లికి తుంటి ఆపరేషనైంది, మర్నాడే డిశ్చార్జి. వాళ్ళ గదేమో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఇక్కడి కింది పోర్షను చూడగానే ఆ అమ్మాయి మొహం తేటపడింది. ఫోన్ నంబరు కూడా ఇచ్చింది.

"మీరేవిట్లమ్మా?" అన్నారు పాండురంగారావు గారు.

"ఎస్సీలమండి."

"అయ్యో, పొద్దున్నే ఇంకొకరికి మాటిచ్చేశాం తల్లీ. బోర్డు తీయడం మర్చిపోయాను."

నన్ను విప్పి లోపల పెట్టారు. అమ్మాయి మలుపు దాటిందనుకుని మళ్ళీ కట్టారు. ఇది నాకు అలవాటే. అలా విప్పి కట్టీ కట్టీ నా తీగ వదులైపోయింది.

ఆయన మళ్ళీ పుస్తకం తీశారు. కాసేపటికి పెన్సిలు గాల్లోనే ఆగింది.

"ఇవాళ వినిపించరేం?" అన్నారు హైమావతి గారు.

"అక్కడ ఒకాయన, ఇల్లు ఇచ్చేశామని నల్లావిడను పంపేసి, మళ్ళీ బోర్డు పెట్టాట్ట."

"ఆ బోర్డు పసుపు రంగుదేనా?"

ఆయన పుస్తకం మూశారు. తర్వాత ఫోన్ తీశారు. "అమ్మా కెజియా, వాళ్ళు రావట్లేదంట. పోర్షను నీకే ఇస్తాం." మంచి పనికి కూడా ఆయనకు ఒక అబద్ధం ఖర్చయింది.

"మీరు బోర్డు మళ్ళీ కట్టడం చూశాను సార్. మలుపులో మందుల షాపు దగ్గరే ఉన్నాను." అంది కెజియా ఫోన్లో. "అమ్మ మెట్లెక్కలేదు కాబట్టి వస్తాను. తాళం ఇప్పుడే ఇచ్చెయ్యండి."

ఆ అమ్మాయి తిరిగొచ్చేసరికి ఆయన తాళంచెవి పట్టుకుని గేటు దాకా వచ్చారు, తలెత్తలేదు. నన్ను ఆ అమ్మాయే విప్పింది.

ఇప్పుడు కెజియా నీళ్ళ డ్రమ్ముకు మూతగా ఉన్నాను. తడవడమే తప్ప నష్టమేమీ లేదు. పాండురంగారావు గారు మాత్రం వరండాలో కూర్చోవడం మానేశారు. మిగతా పుస్తకం లోపలి గదిలో చదివారు.