దశరథం గుండెకు గంజి

పొద్దున్నే వాకిలి ఊడ్చి, కండెలకు నూలు చుట్టుకుని, అండాలు మగ్గం గుంటలోకి కాళ్లు దింపేది. పోగును అటూ ఇటూ మోసే నాడెను విసిరే ముందు, చనిపోయిన మొగడు లింగస్వామి చివరి మాటను ఒకసారి పైకే అనుకునేది: "నూలు నేను తియ్యలే, అండాలూ." ఈమధ్య మనసులో అతని ముఖం చెరిగిపోతోంది. మాట కూడా పోతుందేమోనని ఆమె భయం.

నాడె కదిలాక మగ్గం ఆమె చేతి మాట వినేది కాదు. నూలు సావుకారి దశరథం గుండె ఎట్లా కొట్టుకుంటే అట్లా నడిచేది. లింగస్వామి పోయినప్పటి నుంచీ అంతే. ఆ గుండె కుదురుగా ఉంటే గుడ్డ బిగువుగా వచ్చేది, తడబడితే పోగుల మధ్య సందులు పడేవి. ఊరంతా సాలెవాళ్లే. ఒకరి మగ్గం చీరలకు, ఒకరిది తువ్వాళ్లకు, అండాలుది దశరథం గుండెకు.

సోమవారం సోమవారం చౌటుప్పల్ నుంచి డాక్టర్ లియాఖత్ అలీ వచ్చి, ఆ గుడ్డను వెలుతురుకు పట్టి చూసేవాడు. గుండె గీతలు గీసే యంత్రం పట్నంలో ఉంది కానీ, గుడ్డ ఉండగా అంత దూరం ఎందుకు? సందులుంటే క్వినిడిన్ గోలీలు ఇచ్చేవాడు, లేకుంటే ఆపేవాడు.

"చలిజరం మందు తీసే బెరడుతోనే ఇదీ తీస్తరు. తక్కువైతే గుండె దారి తప్పుతది, ఎక్కువైతే ఆగిపోతది. గుడ్డ చూడంది నేనియ్య" అనేవాడు.

దశరథం నూలు తక్కువిచ్చి పలచని చీరలు నేయించేవాడు. సందులు కనబడకుండా చిక్కటి గంజి కొట్టించేవాడు. గంజి కొట్టని ఇల్లు ఆ వాడలో లేదు. లింగస్వామి ఉన్నప్పుడు ఒకసారి కొన్నవాళ్లు ఉతికితే చీరలు వలలయ్యాయి. అందరూ వచ్చి నిలదీస్తే, నూలు లింగస్వామి కాజేశాడన్నాడు దశరథం. కులపెద్దల ముందు నూలు మీద చెయ్యేసి, "గంజి గుడ్డ చేతిల వెట్టినా నాకు ఎరుకగాదు" అని ఒట్టు పెట్టాడు. పోలీసులు ఠాణాకు పట్టుకుపోయిన లింగస్వామి బండి మీద తిరిగొచ్చాడు, మళ్లీ లేవలేదు.

ఇన్నాళ్లకు ఒక వారం, దశరథం గుండె గుడ్డలో వేలు దూరేటంత సందులు పడ్డాయి. అండాలు జొన్నగంజి కాచి, గుడ్డంతా పూసి, ఎండలో ఆరేసింది.

పక్కింటి సోమమ్మ తొంగిచూసింది. "ఎవరికే, గంత చిక్కగ?"

"సావుకారికి. ఆయనకు గంజి గుడ్డంటే పాణం."

సోమమ్మ లోపలికి పోయింది. తన ఇంట్లో మిగిలిన గంజి కూడా తెచ్చిచ్చింది.

సోమవారం దశరథం అరుగు మీద కూర్చుని చెమటలు తుడుచుకుంటున్నాడు. వాడంతా చుట్టూ నిలబడింది. డాక్టరు గుడ్డ ఎత్తి చూశాడు. సూదిమొనంత వెలుతురు కూడా రాలేదు.

"మాషా అల్లా. సేట్, గోలీలు బంద్."

"లోపల పిట్ట కొట్టుకుంటున్నట్టున్నది, సాబ్."

"అది భయం. గుడ్డ మంచిగున్నది. ఇంక మందేస్తే పాణానికే ఖతరా."

దశరథం గుడ్డను అందుకుని బొటనవేలితో రుద్దాడు. వేలికి తెల్లటి పొడి అంటింది. తలెత్తి అండాలు వైపు చూశాడు.

"ఏమన్న ఉంటే చెప్పు సేటూ" అంది ఆమె. "పెద్దమనుషులు గూడ ఈడనే ఉన్నరు. నీ చేతికి ఏం తగిలిందో చెప్పరాదు?"

గంజి అని ఒక్క మాటంటే చాలు, గోలీలు చేతికొస్తాయి. ఆ మాటతోనే ఆనాటి ఒట్టు అబద్ధమనీ బయటపడుతుంది. ఒట్టు విన్న పెద్దలిద్దరూ అతని వేలినే చూస్తున్నారు. సోమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అండాలు రెప్ప వేయలేదు.

దశరథం వేలిని పంచెకు తుడుచుకున్నాడు.

"మంచిగనే ఉన్నది" అన్నాడు.

డాక్టరు గోలీల సీసాను సంచిలో వేసుకుని సైకిలెక్కాడు.

బుధవారం మధ్యాహ్నం మగ్గం కుంటింది. రెండుసార్లు ఆగి, ఉరికి, మళ్లీ ఆగింది, తనంతట ఇక కదల్లేదు. అండాలు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి నాడె అందుకుని విసిరింది. అది ఆమె విసిరినంత మేరే పోయింది, ఆమె పిలిస్తేనే వచ్చింది.

"ఏమాయెనే అండాలూ? చప్పుడు మారింది" అని గోడ అవతలి నుంచి సోమమ్మ కేకేసింది.

"ఏం లే వదినా. చీర నేస్తున్న."