జుమ్మా నాటి ముచ్చట్లు

నిజాం సర్కారు దినాల్లో గద్వాలలో సెలవంటే శుక్రవారమే. పల్లి మిల్లు కూడా ఆ రోజే మూసేవాళ్లు. అందుకే శనివారం పొద్దున అక్కడ ఆడవాళ్ల చేతులకన్నా నోళ్లే ఎక్కువ ఆడేవి. గింజల కుప్ప చుట్టూ కూర్చుని పుచ్చులు ఏరుతూ, జుమ్మా నాడు ఎవరు ఎక్కడికి పోయారో, ఏం వండుకున్నారో, ఎవరితో కొట్లాడారో చెప్పుకునేదాకా వాళ్లకు నిమ్మళం ఉండేది కాదు.

ఆ శనివారం రహీమాబీ అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. ముందు రోజంతా ఆమె ఒక్క ముద్ద తినలేదు. చీర అంచుకు ఏటి బురద ఎండి అట్ట కట్టింది.

ఆమె మొగుడు చాంద్ పాషా ఊరూరా తిరిగి గాజులమ్ముతాడు. దసరా దగ్గర పడిందని బుధవారం గాజుల మలారం భుజానేసుకుని, గుండ్రటి పడవ లాంటి పుట్టి ఎక్కి, కృష్ణ ఆవలి ఒడ్డుకు, ఆత్మకూరు దిక్కు ఊళ్లకు పోయాడు. గురువారం పొద్దుగూకే వేళకు వస్తానన్నాడు. ఎంత దూరం పోయినా జుమ్మా నమాజుకు ఇల్లు చేరే మనిషి. గురువారం మధ్యాహ్నం నుంచి ఏరు పొంగింది. శుక్రవారం తెల్లారగానే రహీమాబీ రేవుకు పోతే, పుట్టి నడిపే కురుమయ్య ఆమె మొహం చూడకుండానే చెప్పాడు.

"నిన్న మాపటికి ఆ ఒడ్డు నుంచి ఒక పుట్టి ఇడిసిండ్రట బీబమ్మా. ఈ ఒడ్డుకైతే రాలే. అండ్ల ఎవలెవలున్నరో నాకు తెల్వదు."

పొద్దు వాలేదాకా ఆమె ఒడ్డునే ఉంది. ఎర్రటి నీళ్లలో చెట్లు వేళ్లతో సహా కొట్టుకుపోతున్నాయి. నల్లగా ఏది తేలినా లేచి నిలబడేది, అది కొమ్మో మొద్దో అని తెలిశాక మళ్లీ కూలబడేది. ఇంటికొస్తే అత్త గడపలో కూర్చుని తస్బీ పూసలు తిప్పుతోంది. "వస్తడు. నీ నోట్ల నుంచి మాత్రం ఆ మాట రానియ్యకు," అంది. అందుకే రహీమాబీ ఎవరికీ చెప్పలేదు. ఆ ముసలామె చూపుకు ఎదురుగా కూర్చోలేక మిల్లుకొచ్చింది.

వెంకటమ్మ మొదలుపెట్టింది. "నాకేం సెలవే? పొద్దంత చేన్ల పనే. నడుము లేస్తలేదు."

ఎస్తేరమ్మ నవ్వింది. "మనకు సెలవు శుక్రారం, మా దేవుడు రమ్మనేది ఆదివారం. నిన్న ఇల్లలికి, బట్టలుతికి, రేపటికి అంత తయారు చేసి పెట్టిన. రేపు చూస్తే మళ్ల మిల్లే!" అందరూ నవ్వారు. "నువ్వేం చేసినవ్ రహీమా? మీ సాబ్‌కు ఏమన్న మంచిగ వండి పెట్టినవా?"

"బట్టలుతుక్కున్న," అంది రహీమాబీ, గింజల మీంచి తలెత్తకుండా.

జంగమ్మ తన వంతు కోసం అప్పటిదాకా ఓపిక పట్టింది. ఆమె ముచ్చట మొదలుపెడితే మిగతా వాళ్లు ఏరడం మానేసి వినాల్సిందే.

"మీదంత ఏం ముచ్చటే! నేను మొన్న మాపే బీచుపల్లికి పోయిన, మా చెల్లె తానికి. నిన్న పొద్దుగాల ఊరు ఊరంత ఏటి ఒడ్డుకు ఉరికింది. ఏందా అని మేమూ ఉరికినం. బండల నడుమ పుట్టి బోర్ల పడి ఉన్నది. బెస్తోళ్లు నడుములకు తాళ్లు కట్టుకొని దిగిండ్రు. ఒక గొల్లాయన పానంతో ఉన్నడు. ఇంకొకాయన అప్పటికే సచ్చిపోయిండు. మెడల తావీజున్నది, తురకాయన. ఎవలో ఏమో పాపం! పక్కూరి సాబులొచ్చి నీళ్లు పోసి, ఏటిగడ్డ మీదనే బొంద పెట్టిండ్రు. నా కండ్లతోని చూసిన."

"ఎంత వయసుంటది?" అంది రహీమాబీ. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనిపించింది.

"ఏం తెలుస్తది? నీళ్లల్ల నానిన మొఖం."

"గడ్డమున్నదా?"

"ఉన్నది."

"అంగి ఏం రంగు?"

"మట్టి కొట్టుకపోయి ఉన్నది. ఎందుకే గన్ని అడుగుతున్నవ్?"

రహీమాబీ గుప్పిట్లో గింజలు నలిగిపోయాయి. "మా ఆయన గురువారం రావాలె జంగమ్మక్కా. రాలే. నేను బట్టలుతుకలే. నిన్న పొద్దంత ఏటికాడ్నే ఉన్న."

జంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మేస్త్రి బాలస్వామి వచ్చి, "ఏందమ్మా, చేతులాగినయ్?" అని గద్దించబోయాడు. జంగమ్మ లేచి నిలబడి, "ఎర్రవల్లి, బీచుపల్లి దిక్కు పోయే బండి ఉన్నదా, అది చెప్పు ముందు!" అని అరిచింది. సంగతి విన్నాక బాలస్వామి బయటికి ఉరికాడు. పల్లికాయ దించి ఖాళీగా మళ్లుతున్న బండికి తనే అడ్డం పోయి ఇద్దరినీ ఎక్కించాడు.

దారి పొడుగునా జంగమ్మ, "ఆయన కాదులే, కాదులే," అంటూనే ఉంది.

"నువ్వు చూసినవ్ గదా అక్కా. కాదని ఎట్లంటవ్?"

జంగమ్మ ఆమె చేయి తన ఒళ్లోకి తీసుకుంది.

పొద్దు వాలకముందే బీచుపల్లి చేరారు. ఏటిగడ్డ మీద తడి మట్టి కుప్ప, నక్కలు తవ్వకుండా పైన ముళ్లకంప. రహీమాబీ గుప్పెడు మన్ను తీసింది గానీ వేయడానికి చేయి రాలేదు. బెస్త ఇల్లాలు ఒకామె, ఉతికి ఆరేసిన అంగీ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. చారల అంగీ. గుండీలు ఒక్కొక్కటి ఒక్కో తీరువి. అన్నీ నీలం దారంతో గట్టిగా కుట్టి ఉన్నాయి. ఆ కుట్టు తనది కాదు.

"ఈయన కాదు," అంది. "అక్కా, మా ఆయన కాదు!" నవ్వో ఏడుపో తెలియని చప్పుడు ఆమె గొంతులోంచి వచ్చింది. జంగమ్మ గట్టిగా పట్టుకుంది. కాసేపటికి రహీమాబీ చూపు మళ్లీ ఆ నీలం దారం మీద పడింది. ఎక్కడో ఒకామె ఈ గుండీలు కుట్టింది. ఆమె కూడా ఇప్పుడు ఏదో ఒక రేవులో కూర్చుని ఉంటుంది. రహీమాబీ అంగీ మడత పెట్టి బెస్త ఇల్లాలికి ఇచ్చింది. "దాచి పెట్టు తల్లీ. అడుక్కుంట ఎవరన్న వస్తరు."

బతికిన గొల్లాయన పేరు పెద్దన్న. ఆ బెస్త ఇల్లాలి ఇంట్లోనే గొంగడి కప్పుకుని జ్వరంతో వణుకుతున్నాడు.

"గాజులాయనా? ఎక్కిండు. మళ్ల దిగిండు."

"దిగిండా?"

"పుట్టి నిండింది. పిల్లతల్లి ఒకామె ధరూరుకు, తల్లిగారింటికి పోవాలెనని రేవుల ఏడుస్తున్నది. ఆయన మలారం ఎత్తుకొని దిగిండు. 'నువ్వు కూసో బిడ్డా, నేను రేపొస్త' అని ఆమెకు జాగ ఇచ్చిండు. పిల్లను ఆయనే చేతికందిచ్చిండు."

"ఆమె?"

పెద్దన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రహీమాబీ అల్లాకు శుక్రియా చెప్పబోయింది. మాట సగంలోనే ఆగిపోయింది.

మంగళవారం ఏరు తగ్గింది. ఆవలి నుంచి వచ్చిన మొదటి పుట్టిలో చాంద్ పాషా దిగాడు. కళ్లు లోపలికి పోయాయి. ఇంట్లో తల్లి పట్టుకుని ఏడ్చింది, రహీమాబీ అన్నం పెట్టింది. అతను పళ్లెం ముట్టలేదు.

"మణెమ్మ ఆమె పేరు," అన్నాడు. "ఆమె మొగుడు ఆ ఒడ్డు పొంటి వాళ్ల కోసం ఇంక దేవులాడుతుండు. ధరూరుల ఆమె తల్లికి ఎవలు చెప్పలే. నేను పోవాలె."

"నువ్వు తెలిసి చేసినవా?"

"తెల్వకనే చేసిన. అయినా నేనే కూసోవెట్టిన గదా."

"ఒక్కనివి పోవద్దు. నేనొస్త," అంది రహీమాబీ.

ధరూరులో మణెమ్మ తల్లి పండుగ కోసం అరుగుకు ఎర్రమట్టి పూస్తోంది. వీళ్లను చూసి నడుము నిమురుకుంటూ లేచింది.

"ఏటి దిక్కుకెళ్లి వస్తున్నరా నాయనా? పుట్టి నడుస్తున్నదా? మా బిడ్డ రావాలె. మనుమరాలిని నేనింక చూడనే లేదు."

చాంద్ పాషా నోరు తెరిచాడు. మళ్లీ రహీమాబీ దిక్కు చూశాడు. రహీమాబీ ముందుకొచ్చి, ముసలామె చేతిలోని మట్టి గుడ్డ తీసి పక్కన పెట్టింది. తడిసిన ఆ రెండు చేతులనూ పట్టుకుంది.

"అమ్మా, జర కూసో," అంది. ఆమెను మెల్లగా అరుగు మీద కూర్చోబెట్టి, తానూ పక్కనే ఆనుకుని కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది.