సుమిత్రమ్మ కొంగు మీద రత్నమాల

అయిందేదో అయింది, మర్చిపొమ్మంటుంది మా అమ్మీ. నేను మర్చిపోయే రకం కాదు.

జగిత్యాలలో అర్జున్ రావు సార్ ఆఫీసులో వెబ్‌సైట్లు చేసేదాన్ని. సిరిసిల్ల నేతవాళ్ల సైటు మాకు వచ్చింది. ఇంట్లో శుభకార్యమున్నవాళ్లు అందులో పేర్లు కొడితే, పంచిపెట్టే చీరల కొంగు మీద ఆ పేర్లు నేసి పంపుతారు. ఆర్డర్లు తీసుకునే కోడ్ నేనే రాశాను. అన్నీ ఫంక్షన్లే. కోడ్‌లో ఫంక్షన్ అంటే పిండి గిర్నీ లాంటిది. జొన్నలు పోస్తే జొన్నపిండి వస్తుంది, పోసిందెవరో దానికి గుర్తుండదు. ఆర్డరుకు కావలసింది ఆ మతిమరుపే.

సార్ మేనల్లుడు ప్రణయ్ మా అందరి మీదా పెద్ద. నా కోడ్ చూసి అందరి ముందూ నవ్వాడు.

"గిదేంది మిస్బా, ఇంటర్ పోరగాళ్ల లెక్క రాసినవ్? క్లాసులల్ల రాయాలె. క్లాసుకైతే యాది ఉంటది." క్లాసంటే వేసినవన్నీ దాచుకునే పెట్టె లాంటిది; ఆ క్లాసులతో నా కోడ్‌ను తనే తిరగరాయసాగాడు.

"గదే భయం అన్నా. అందరికీ కలిపి ఒక్కటే ఆర్డర్ పెట్టి, పేర్లన్నీ దాంట్లనే దాస్తున్నవ్. ఇద్దరు ఒక్కసారే కొడితే ఒకళ్ల పేరు ఇంకొకళ్లకు పోతది."

"నాకు నేర్పుతున్నవా?"

నాకు క్లాసులు రావని సార్‌కు చెప్పాడు. వారం తిరక్కుండానే నా ఉద్యోగం ఊడింది. కోరుట్లలో చుట్టాలందరికీ 'పిల్లకు పని రాదట' అని తెలిసిపోయింది. ఆ 'రాదట' నన్ను కాల్చుకు తిన్నది. పేర్లు తారుమారవుతాయని సార్‌కు ఒక్క మెసేజ్ పెట్టి హెచ్చరించవచ్చు. పెట్టలేదు. కాచుకు కూర్చున్నాను.

నాలుగు నెలలు పట్టింది. కొడిమ్యాల బాపు రావు గారు షష్టిపూర్తికి వంద చీరలు చెప్పిన క్షణంలోనే, పెగడపల్లిలో ఎవరో గృహప్రవేశానికి చెప్పారు. సిరిసిల్లలో మరమగ్గాలు, అదే సాంచాలు, నడిపే ఐలయ్య, సైటులో వచ్చిన పేర్లు వచ్చినట్టే నేసి పంపాడు. పీటల మీద కూర్చున్న ఆయన భార్య సుమిత్రమ్మ మొదటి చీర విప్పితే, కొంగు మీద 'బాపు రావు – రత్నమాల'. ఆ రత్నమాల ఎవరో తేలేదాకా కూర్చోనని ఆవిడ పీటల మీంచి లేచిందట. అది విన్నరోజు నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. వంద చీరలూ వెనక్కి వచ్చిన ఐలయ్య సంగతి అప్పుడు ఆలోచించలేదు.

మూడో రోజు సార్ ప్రణయ్‌ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"తప్పైంది బిడ్డా. అచ్చి బాగుజెయ్యి."

"చేస్త సార్. కానీ గా క్లాసులన్నీ ప్రణయ్ అన్ననే తన చేత్తోని తీసెయ్యాలె. నా పక్కన కూసొని, అందరి ముందల."

తీశాడు. ఆర్డర్ క్లాసు పోయింది. చిరునామా క్లాసు పోయింది. వాటిని పట్టుకుని వేలాడే పిల్ల క్లాసులూ పోయాయి. ఒక్కొక్కటీ పోతుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి. నేను స్క్రీన్ చూడలేదు, ఆ చెవులే చూస్తూ కూర్చున్నాను.

చివరికి సాంచ క్లాసు మిగిలింది. ఐలయ్య షెడ్డులో ఏ సాంచ మీద ఏ నూలు ఎక్కింది, ఏ డిజైన్ నడుస్తోంది, ఇంకెంత నేయాలి, ఇవన్నీ ఆ సాంచే గుర్తుపెట్టుకునేలా రాశాడు. ఒకదాని సంగతి ఇంకొకదానికి అంటదు. యాది కావలసిన చోటే పెట్టాడు. నేను రాసినా అలాగే రాసేదాన్ని.

ప్రణయ్ చెయ్యి ఆగింది. "మిస్బా, గిదొక్కటి సరిగ్గనే ఉన్నది. నువ్వే చూడు."

అతను నన్ను అడగడం అదే మొదటిసారి. ఆఫీసంతా మావైపే చూస్తోంది.

"చూసిన. సరిగ్గనే ఉన్నది," అన్నాను. "తీసెయ్."

తీశాడు. నా ప్రాణానికి హాయిగా అనిపించింది. దాన్ని ఫంక్షన్లతో మళ్లీ కట్టబోయి పదకొండు రోజులుగా అవస్థ పడుతున్నాను. ఏ సాంచ మీద ఏముందో ఐలయ్య ఇప్పుడు షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాసుకుంటున్నాడు. ఎప్పుడవుతుందని అడిగితే, ఇంకో వారం అని చెబుతున్నాను.