జువేన వాకిట్లో అరుగు

పొద్దున్నే వుఆయి తాత ఒక చేత్తో కాఫీ కూజా పట్టుకుని, ఇంకో చేత్తో కప్పులు టకటకలాడిస్తూ సందులోకి వచ్చేసరికి జువేన వాకిలి ఊడుస్తూ ఉంటుంది. ఊడుస్తూ తిడుతూ ఉంటుంది కూడా. ఈమధ్య ఆవిడ తిట్లన్నీ తమ్ముడు మకామెకే.

తిట్టదా మరి! జాంజిబార్‌లో హెరాయిన్ పొడి మాన్పించే ఇంట్లో వాడు నెలల తరబడి ఉండొచ్చాడు. ఏడాది పైగా దాని జోలికి పోలేదు. పడవలకు రంగులేసే పనిలో కుదిరాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. రంజాన్ వెళ్ళిందో లేదో, మళ్ళీ మొదలెట్టాడు.

"ఇంకొక్కసారి ముట్టుకున్నావా, ఈ గడప తొక్కకు. చచ్చినా తలుపు తియ్యను" అంది జువేన. అన్నదంటే అన్నట్టే.

ఆ ఇంటి వాకిట్లో రాతి అరుగుంది. పొడి కోసం ఒళ్ళు పీకేస్తున్న మనిషి దానిమీద కూర్చుంటే, పక్కన ఇంకొకరు కూర్చున్నంతసేపూ అది వాణ్ణి లేవనివ్వదు. యావ తగ్గాక దానంతటదే వదిలేస్తుంది. మామూలు వాళ్ళ జోలికి రాదు. మంచి అరుగే, కాదన్నదెవరు? కానీ పక్కన కూర్చునేవాళ్ళు దొరకాలిగా!

మళ్ళీ మానేద్దామని మకామె రోజూ తనే వచ్చి కూర్చునేవాడు. మొదట్లో సందంతా పోటీలు పడి తోడు కూర్చుంది. రానురాను అందరికీ విసుగు పుట్టింది.

"నిన్నంతా నేనే కదయ్యా కూర్చుంది!" అనేవాడు దర్జీ మచానో.

"అయితే నా కాఫీ నువ్వమ్ము" అనేవాడు వుఆయి తాత.

"నన్ను మాత్రం పిలవకండి. పోయినసారి కూర్చుని కూర్చుని నా నడుం పడిపోయింది. ఏం ఒరిగింది?" అని లోపల్నుంచి జువేన.

మధ్యలో మకామె చెమటలు కక్కుతూ, "నేనేమన్నా మేకనా, వంతులేసుకుని కాయడానికి?" అని అరిచేవాడు.

"మేకవైతే బాగుండేదిరా, అమ్మేసేదాన్ని!"

ఒకరోజు మధ్యాహ్నం దర్జీ వస్తాడులే అని తాత వెళ్ళిపోయాడు. తాత ఉన్నాడులే అని దర్జీ రాలేదు. మకామెకి ఎముకల్లో సూదులు గుచ్చినట్టుంది. మెల్లిగా పైకి లేచాడు. అరుగు పట్టుకోలేదు. తలుపు వైపు చూశాడు. మూసే ఉంది. ఏడుపొచ్చింది వాడికి.

సరిగ్గా అప్పుడే సందు మలుపు తిరిగి ఉస్సి వచ్చాడు. మకామె కన్నా పెద్దవాడు. రంజాన్ తర్వాత మళ్ళీ పొడి అంటించిన మహానుభావుడు ఇతనే. తనూ అది లేందే ఉండలేడు.

అయితే ఎంత చెడినా ఉస్సి పెంపకం మంచిదే. నిలబడి సంగతి చెప్పేసి పోయే అలవాటు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. అరుగు మీద చతికిలబడి, "ఏం తమ్ముడూ, కులాసానా? అక్క బాగుందా?" అన్నాడు. పెద్దవాడు కూర్చుని పలకరిస్తుంటే చిన్నవాడు నిలబడి ఎలా జవాబిస్తాడు? మకామె మళ్ళీ కూర్చున్నాడు.

"అంతా కులాసా అన్నా. నీ ఒంట్లో ఎలా ఉంది? అమ్మ బాగుందా?"

ఆ పలకరింపులు ఎప్పటికో తెమిలాయి.

"సరే, పద. సరుకు పడవల వెనక దాచాను" అంటూ లేవబోయాడు ఉస్సి. లేవలేకపోయాడు. "ఒరేయ్, ఇదేంట్రా!"

"నేనూ అంతే అన్నా" అన్నాడు మకామె.

గోలకి జువేన తలుపు తీసింది.

"తల్లీ, కాస్త చెయ్యిచ్చి లాగవూ!" అన్నాడు ఉస్సి.

"బాగా అయింది నీకు! కూర్చో!" అని ధడాల్న తలుపేసింది.

ఇద్దరూ ఒకర్నొకరు తిట్టుకున్నారు. ఉస్సి వాంతి చేసుకున్నాడు, అమ్మని పిలిచి ఏడ్చాడు. మకామె విసుక్కుంటూనే అతని తల పట్టుకున్నాడు.

సాయంత్రం నమాజు పిలుపు వినిపించే వేళకి అరుగు మకామెని వదిలేసింది. కాళ్ళు చాపుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. కిటికీలోంచి జువేన చూసింది.

"వదిలేసిందిగా! లోపలికి రారా, అన్నం తిందువుగాని."

మకామె కదల్లేదు. పక్కన ఉస్సి ఇంకా వణికిపోతున్నాడు.

"నేను లేస్తే ఇతను పడవల దగ్గరికి పోతాడక్కా."

"పోతే పోనీ! వీడి వంతు కూడా మనమే కాయాలా?"

"మనం కాదు. నా వంతు" అన్నాడు మకామె.

జువేన కిటికీ దగ్గర్నుంచి వెళ్ళిపోయింది. లోపల గిన్నెలు గట్టిగా చప్పుడయ్యాయి. కాసేపటికి పెద్ద పళ్ళెంలో అన్నం పెట్టుకుని బయటికొచ్చింది. ఇద్దర్నీ కోపంగా చూసి, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"జరగండి" అంది.