శివారు పొలానికి ఒక్క తడి

మా అబ్బాయి దొరబాబుది తూము దగ్గర లస్కరు పని. రిజర్వాయరు నుంచి కాలవలోకి నీళ్ళు వదిలే తలుపు, దాని చక్రానికి గొలుసు, గొలుసుకి తాళం. ఆ తాళంచెవి వాడి మొలతాడుకి ఉంటుంది. ఉద్యోగం పర్మినెంటు కాదు. అందుకే పెందుర్తిలో మా వీధిలోకి జీపు వచ్చిందంటే చాలు, వాణ్ణి తీసేశారనే అనుకుంటాను.

రెండువేల రెండులో వానల్లేవు. శ్రావణంలో ఒక్కసారి కాలవకి నీళ్ళు వదిలారు. పద్మనాభం అవతల, కాలవ చివర్న ఉన్న మా అమ్మాయి సూర్యకళ అత్తవారి ఊళ్ళో ఎవరూ ఆ నీళ్ళని నమ్మలేదు, తడి అంతగా అక్కర్లేని చోళ్ళు చల్లుకున్నారు. మా అల్లుడు నాగబాబు ఒక్కడే వరి ఊడ్చాడు. "తాళం నా బామ్మర్ది కాడుంటే నాకేటి బయం" అన్నాడట.

దసరా వెళ్ళేసరికి చేను పొట్ట మీదుంది. రిజర్వాయరులో అడుగు నీళ్ళు మిగిలాయి. అవి టౌన్లో కుళాయిలకే, కాలవకి చుక్క వదలొద్దని ఆర్డరొచ్చింది. ఒక్క తడి అందితే గింజ పడుతుంది. లేకపోతే గడ్డే.

సూర్యకళ మా పక్కింటికి ఫోన్ చేసింది. "అమ్మా, ఆయన అన్నం తింతం నేదు." అంతే విన్నాను. ఆ రోజుల్లో పేపరు నిండా పురుగుమందు తాగినవాళ్ళ వార్తలే. మొదటి బస్సెక్కాను.

వెళ్ళగానే కాళ్ళయినా కడుక్కోకుండా అటక మీద చూశాను, గాబు వెనక చూశాను, మంచం కింద చూశాను. నాగబాబు అరుగు మీంచి చూస్తూనే ఉన్నాడు.

"మందు డబ్బా కోసవేనా అత్తా? నేదు. పురుగు పట్టాలన్నా సేనుండాల గదా" అని నవ్వాడు.

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

"ఊరంతా సోళ్ళు జల్లుకుంటే నువ్వెందుకు బాబూ వరి..."

"తాళం మనింట్లోనే ఉందనుకున్నాను. మీవోడు ఆపీసుకి బామ్మర్దని ఇప్పుడు తెలిసింది."

"నువ్వూరుకో" అంది సూర్యకళ మొగుణ్ణి. నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది. "తమ్ముడికి నువ్వు సెప్పమ్మా. ఒక్క తడి. నువ్వు సెప్తే ఇంటాడు."

క్యారేజీలో అన్నం సర్దుకుని తూము దగ్గరికి నడిచాను. వాడు చక్రం తిప్పితే ఉద్యోగం పోతుంది, పోలీసులొస్తారు, జైల్లో పెడతారు. తిప్పకపోతే నాగబాబు... అక్కడిదాకా వచ్చి ఆలోచన ఆగిపోయేది. మళ్ళీ పోలీసుల దగ్గర మొదలయ్యేది.

దొరబాబు తూము గది నీడలో కూర్చునున్నాడు.

"అప్ప పంపినాదా?"

"అన్నం తెచ్చాన్రా."

"అన్నం కోసం ఇంత దూరం నడిసొచ్చీసినావేటి." మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నా ఒళ్ళో పడేశాడు. "ఆలోసించి ఆలోసించి నా బుర్ర పన్సేత్తం మానీసిందమ్మా. తిప్పమను, తిప్పీస్తాను. వొద్దను, మానీస్తాను. నువ్వే సెప్పు."

తాళంచెవి వాడి ఒంటి వేడితో ఉంది. రిజర్వాయరు కేసి చూశాను. పగిలిన బురద మధ్య నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి. నాకు భయం వేస్తుందేమోనని చూశాను. ఎప్పుడూ నాకన్నా ముందొచ్చి కూర్చునే భయం ఆవేళ రాలేదు.

"అప్ప పొలం దాకా ఎల్తాయేట్రా నీళ్ళు?"

"ఎగువోళ్ళు గండి కొట్టకపోతే ఎల్తాయి."

"ఊరుకుంటారా?"

"ఊరుకోరు."

తాళంచెవి వాడి చేతిలో పెట్టేశాను. "తిను. పులుసు సల్లారిపోద్ది."

వాడు తలెత్తకుండా తిన్నాడు. గిన్నెలు కడిగిచ్చాడు.

నేను తిరిగొచ్చేసరికి సూర్యకళ గుమ్మంలో ఉంది. నా మొహం చూసి లోపలికెళ్ళిపోయింది. నాగబాబు అరుగు దిగి కొట్టంలో రెండు గేదెల్నీ విప్పాడు. ఏం చేసుకుంటాడో అని వెనకే వెళ్ళాను.

అతను చేనుకి అడ్డం పెట్టిన ముళ్ళకంప లాగేసి గేదెల్ని వరిలోకి తోలేశాడు.

"ఎండిపోతే గొడ్లు కూడా ముట్టవత్తా. పచ్చిగున్నప్పుడే మెయ్యనీ" అన్నాడు. పక్క పొలంలో చోళ్ళకి కలుపు తీస్తున్న పైడయ్యని కేకేశాడు. "మావా, నీ ఆవుని కూడా తోలీ. మొహమాటపడకు."

గేదెలు తలలెత్తకుండా మేస్తున్నాయి. వరి దుబ్బులు నోట్లో తెగే చప్పుడు గట్టు మీదికి వినిపిస్తోంది. ఒక గేదె మెల్లగా పైడయ్య చోళ్ళ వైపు మళ్ళింది.

"అత్తా, దాన్నిటు తోలు" అన్నాడు నాగబాబు.

కర్ర తీసుకుని గేదెని వరిలోకే తోలాను.